రోగం ఒకటి, రాత మరొకటి

ఆస్పత్రిలో మరణించిన వ్యక్తి ధ్రువపత్రంలో ‘గుండె ఆగి మృతి’ అని రాసి ఉంటే బంధువులకు ఎట్టి అనుమానమూ కలుగదు. గుండె ఆగకుండా మరణించేదెవరు? అయితే ఆరోగ్య గణాంకాల దృష్టిలో ఆ మాటకు విలువ శూన్యం. గుండె ఆగడం, శ్వాస నిలిచిపోవడం మరణం సంభవించిన తీరే తప్ప మరణకారణం కాదనీ, దానికి దారితీసిన మూలవ్యాధిని రాయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం వైద్యులు నింపే పత్రం కూడా ఈ నియమం ఆధారంగా రూపొందినదే. అయినా ‘గుండె ఆగి’ అన్న రాత మాత్రం ఆగలేదు.

ఈ భేదం కేవలం పండితుల తర్కం కాదని కోవిడ్ కాలంలో వేలాది కుటుంబాలకు తెలిసివచ్చింది. మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం అందించాలన్న మార్గదర్శకాలను 2021 అక్టోబరు 4న సుప్రీంకోర్టు ఆమోదించింది. ధ్రువపత్రంలో కోవిడ్ పేరు లేదన్న ఏకైక కారణంతో ఏ రాష్ట్రమూ సాయం నిరాకరించరాదని కూడా అదే ఉత్తర్వులో ఆదేశించవలసి వచ్చింది. వైద్యుడు వదిలేసిన ఒక్క పదాన్ని సరిదిద్దడానికి జిల్లా స్థాయిలో ప్రత్యేక కమిటీలు అవసరమయ్యాయి.

వ్యాధులకు అంతర్జాతీయంగా ఒకే వర్గీకరణ ఉండాలన్న ఆలోచన 1893లోనే కార్యరూపం దాల్చింది. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియాన్ రూపొందించిన మరణకారణాల పట్టిక దీనికి మూలం. దాని పదవ సవరణను ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించగా, పదకొండవది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మన ఆస్పత్రులలో వ్యవహారం నేటికీ ప్రధానంగా పదవ సవరణతోనే సాగుతోంది. ఇందులో ప్రతి వ్యాధికీ ఒక అక్షరం, కొన్ని అంకెలు. టైఫాయిడ్‌కు ఎ01.0. రెండవ రకం మధుమేహానికి ఇ11. కేసు షీటులో ‘షుగర్’ అని మాత్రమే ఉండి ఏ రకమో లేకపోతే ఇ14, అనగా ‘వివరం లేనిది’. సూక్ష్మజీవి ఏదో తేలి, ఆ సంగతి రాసి ఉంటే న్యుమోనియాకు ఒక సంకేతం. ‘న్యుమోనియా’ అని రాసి ఊరుకుంటే జె18.9, అదీ వివరం లేనిదే. రికార్డుల విభాగంలో కూర్చున్న ఉద్యోగికి రోగి కనిపించడు, కాగితమే కనిపిస్తుంది. వైద్యుడు రాయనిదాన్ని ఊహించి సంకేతం వేసే అధికారం అతనికి లేదు.

మరి ఆ కాగితం రాసేదెవరు? పెద్ద ప్రభుత్వాస్పత్రులలో ఆ భారం సాధారణంగా హౌస్ సర్జన్లపైనా, పీజీ విద్యార్థులపైనా పడుతుంది. రాత్రి డ్యూటీ ముగించి, పడకలు చాలని వార్డులో డిశ్చార్జి కాగితాలు నింపే యువ వైద్యుడు పొడి అక్షరాలను ఆశ్రయించడంలో వింత లేదు. ‘ఎం.ఎస్.’ అంటే గుండె కవాటం ఇరుకైన వ్యాధి కావచ్చు, నాడీమండలానికి సోకే మరో వ్యాధీ కావచ్చు. వార్డులో ఉన్నవారికి ఇది తెలుస్తుంది. ఆరు నెలల తరువాత ఫైలు తెరిచినవారికి తెలియదు.

రాతలో తేడా వస్తే మొదట నష్టపోయేది రోగి జేబే. హడావుడిలో చేర్పించిన బంధువు ‘పది నెలలుగా షుగర్ ఉంది’ అంటే షీటులో ‘పదేళ్లుగా’ అని పడిందనుకుందాం. పాలసీ తీసుకోకముందే జబ్బు ఉన్నదనీ, దాన్ని దాచారనీ బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించడానికి ఆ ఒక్క మాట చాలు. ఆస్పత్రి నింపవలసిన బీమా క్లెయిము పత్రంలో ప్రధాన వ్యాధికీ, తోడు వ్యాధులకూ సంకేతాలు రాసే గళ్లు ప్రత్యేకంగా ఉన్నాయి. రోగి సంతకం చేసేటప్పుడు వాటిని చదివేవారు అరుదు.

ప్రజాధనం విషయం మరింత పెద్దది. 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకంలో ఆస్పత్రికి చెల్లింపు చికిత్సా ప్యాకేజీల వారీగా జరుగుతుంది. ఏ ప్యాకేజీ కింద చూపితే ఆ మేరకు సొమ్ము. ఈ పథకంపై 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక, రికార్డులలో అప్పటికే మరణించినట్లు నమోదైన 3,446 మంది రోగుల పేరిట 6.97 కోట్ల రూపాయల చెల్లింపులు జరిగాయని వెల్లడించింది. 48,387 మంది ఏకకాలంలో రెండుచోట్ల చికిత్స పొందుతున్నట్లు కూడా అందులో తేలింది. ఐదేళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల కార్డుపైనే చికిత్స చేయడం వల్ల అత్యధిక సందర్భాలలో అలా కనిపించిందని కేంద్రం వివరణ ఇచ్చింది. ఆ వివరణ సమంజసమే. కాని బిడ్డ చికిత్స తల్లి పేరిట నమోదయ్యే రికార్డులో మోసమేదో, నిజమేదో విడదీయడం ఎలా సాధ్యం?

విచిత్రమేమిటంటే, సంకేతాలు వేయడంలో ఆరితేరినవారు మన హైదరాబాదులోనే ఉన్నారు. అమెరికాలో మెడికేర్ పథకం 1983 నుంచి ఇన్‌పేషెంటు చికిత్సకు రోగ నిర్ధారణ ఆధారంగానే ఆస్పత్రులకు చెల్లిస్తోంది. 2015 అక్టోబరు 1న అక్కడ పదవ సవరణ అమలైంది. ఆ దేశపు ఆస్పత్రుల కేసు షీట్లు చదివి సంకేతాలు కేటాయించడం డిగ్రీ చదివిన తెలుగు యువతకు ఉపాధి మార్గమైంది. అమెరికా రోగి మధుమేహం ఏ రకమో నిర్ధారించుకోవడానికి ఇక్కడ అంత శ్రమ. ఇక్కడి రోగిది ‘షుగర్’!

దేశం మొత్తంమీద చిత్రం ఇంకా మసకగా ఉంది. 2020లో నమోదైన సుమారు 81 లక్షల మరణాలలో వైద్యపరంగా కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ఏ జిల్లాలో ఏ వ్యాధి ఎందరిని బలిగొంటున్నదో తెలియనిదే మందుల కొనుగోలుకూ, వైద్యుల నియామకాలకూ ప్రణాళిక వేయడం కష్టసాధ్యం. నమోదు చట్టానికి 2023లో జరిగిన సవరణ, అన్ని వైద్య సంస్థలూ మరణకారణ ధ్రువపత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలని నిర్దేశించింది.

వైద్యసేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన నాటినుంచి కేసు షీటు న్యాయస్థానంలో కీలక సాక్ష్యంగా మారింది. వైద్యుల ప్రవర్తనపై 2002 నాటి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. రోగిగాని, అతని అధీకృత ప్రతినిధిగాని కోరితే 72 గంటలలో ఇవ్వాలి. అర్జీ అందినట్లు రసీదు ఇవ్వాలన్నదీ ఆ నిబంధనలోనే ఉంది.