నర్స్ ప్రాక్టీషనర్ కావాలంటే ఎన్నేళ్లు? తోటపల్లి గూడూరు చెల్లి అడిగిన ప్రశ్న

(వీడియో ఎపిసోడ్‌కి రాతరూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా కొంచెం సరిచేశాం.)

0:00 వచ్చిన మెసేజ్

ఈరోజు ఎపిసోడ్ ఒకే ఒక్క మెసేజ్ మీద. పంపింది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలం నుంచి ఒక చెల్లి. పేరు చెప్పను, మెసేజ్ మాత్రం చదువుతా.

"అక్కా, ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. నాన్న రొయ్యల గుంటల కాడ పని చేస్తాడు. మొన్న ఒకాయన ఇంటికొచ్చి, వేరే రాష్ట్రంలో జీఎన్‌ఎంలో చేరిస్తా, మూడేళ్లు కాగానే అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ ఉద్యోగం అన్నాడు. ఈ వారంలో అడ్వాన్స్ కట్టమంటున్నాడు. అమ్మ గాజులు పెడదామంటోంది. కట్టమంటావా అక్కా?"

చెల్లీ, ముందు జవాబు చెప్పేస్తా. ఇప్పుడే కట్టొద్దు. అమ్మ గాజులు అమ్మ చేతికే ఉండనీ. నీ కల మాత్రం తప్పు కాదు. ఆయన చెప్పిన లెక్కే తప్పు. అసలు లెక్క ఏందో చూద్దాం.

1:30 నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరు?

స్టాఫ్ నర్సు పని మనకు తెలుసు. నర్స్ ప్రాక్టీషనర్, షార్ట్‌గా ఎన్‌పీ, దానికి పై మెట్టు. పేషెంటును పరీక్ష చేస్తారు, టెస్టులు రాస్తారు, జబ్బు ఏందో అంచనా వేస్తారు, చట్టం ఒప్పుకున్నంత మేర మందులు కూడా రాస్తారు. డాక్టర్ కాదు, డాక్టర్‌కి అసిస్టెంటూ కాదు. నర్సుగా బాగా పండిపోయి, ఆపైన మాస్టర్స్ స్థాయి చదువు చదివిన మనిషి.

ఇది మొదలైంది అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో, 1965లో. లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి ప్రోగ్రాం పెట్టారు. ఎందుకు పెట్టారు? డాక్టర్లు అందుబాటులో లేని చోట పిల్లల్ని ఎవరు చూస్తారు అన్న ప్రశ్న నుంచి పుట్టింది.

అంటే కోడూరు బీచ్ పక్కన పట్టపుపాళెంలో రాత్రిపూట బిడ్డకి ఆయాసం వస్తే, నెల్లూరు దాకా పోవాల్సిన అమ్మ ఉంటుంది చూడు, అట్టాంటి వాళ్ల కోసం పుట్టిన ఉద్యోగం ఇది. నీకు దూరమైన కల ఏమీ కాదు.

3:10 మొదటి మెట్టు దగ్గరే జాగ్రత్త

ఎన్‌పీ అనేది ఇంటర్ తర్వాత నేరుగా చేరే కోర్సు కాదు. ముందు నర్సు కావాలి, తర్వాత వార్డులో పని చేయాలి, ఆ తర్వాత పై చదువు. ఇండియాలో వరుస ఇంతే. అమెరికాలోనూ ముందు నర్సు కావాల్సిందే.

ఇప్పుడు నీ ముందు రెండు దార్లు ఉన్నాయి.

ఒకటి బీఎస్సీ నర్సింగ్. నాలుగేళ్లు, 2021 నుంచి వచ్చిన కొత్త సిలబస్‌లో 8 సెమిస్టర్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్ ఉండాలి. ఓపెన్ కేటగిరీకి 45 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. మన రాష్ట్రంలో అడ్మిషన్ల నోటిఫికేషన్ ఇచ్చేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం.

రెండు జీఎన్‌ఎం. మూడేళ్ల డిప్లొమా. ఇది చెడ్డదేం కాదు, ఎంతోమంది మంచి నర్సులు ఈ దారిలోనే వచ్చారు. కానీ మాస్టర్స్ చదవాలంటే డిగ్రీ కావాలి. కాబట్టి జీఎన్‌ఎం తర్వాత ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాలి. మొత్తం ఐదేళ్లు. బీఎస్సీ సీటు దొరికే అవకాశం ఉన్నప్పుడు జీఎన్‌ఎంలో చేరితే ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. ఇంట్లో పరిస్థితి వల్ల మూడేళ్లకే జీతం రావాలంటే మాత్రం జీఎన్‌ఎం సరైన నిర్ణయమే. అప్పుడు పోస్ట్ బేసిక్ సంగతి ముందే ప్లాన్‌లో రాసుకో.

వేరే రాష్ట్రానికి పోయే ముందు ఒక పని చెయ్. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా కాలేజీల లిస్టు ఉంటుంది. ఫోన్‌లోనే చూడొచ్చు. ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు, ఈ ఏడాది లిస్టులో ఉన్నాయా? లేకపోతే రేపు మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కీ, వేరే చోట ఉద్యోగానికీ ఇబ్బంది పడేది నువ్వే. వచ్చినాయన అప్పటికి ఫోన్ కూడా ఎత్తడు.

5:20 ఇండియాలో ఎన్‌పీకి రెండు తలుపులు

మొదటిది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్. అంటే ఐసీయూ వైపు. కేంద్ర ఆరోగ్య శాఖ, నర్సింగ్ కౌన్సిల్ కలిసి తెచ్చిన రెండేళ్ల పీజీ ఇది. బీఎస్సీ పాసై ఉండాలి, నర్సుగా రిజిస్టర్ అయి ఉండాలి, కనీసం ఏడాది పని చేసి ఉండాలి. ఆ ఏడాది ఐసీయూలో అయితే ఇంకా మంచిది. బీఎస్సీలో 55 శాతం మార్కులు అడుగుతారు. గుర్తుపెట్టుకో, జస్ట్ పాస్ చాలదు. ఇందులో క్లాసు పాఠం 20 శాతమే, మిగిలిన 80 శాతం పేషెంట్ పక్కన నేర్చుకునేదే.

రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ. అంటే కాన్పుల వైపు. 18 నెలల కోర్సు. దీనికి మన తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ వాళ్లతో, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులతో ఈ ట్రైనింగ్ మొదలుపెట్టింది. తర్వాత 2018 చివర్లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఈ తలుపు ప్రసవాలు చేయించిన అనుభవం ఉన్న జీఎన్‌ఎం వాళ్లకూ తెరుచుకుంటుంది. ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న నర్సుల్నే ఎంపిక చేస్తారు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి, దాచను. ఇండియాలో కోర్సు ముందొచ్చింది, పోస్టులు ఇంకా వెనకే ఉన్నాయి. చాలా ఆస్పత్రుల్లో ఎన్‌పీ అని విడిగా ఉద్యోగమే లేదు. చదువు పూర్తయ్యాక కూడా స్టాఫ్ నర్సు హోదాలోనే పనిచేసేవాళ్లు ఉన్నారు. అందుకే ఏ కాలేజీలో చేరినా, అక్కడ ఇదివరకు చదివినవాళ్లు ఇప్పుడు ఏ పోస్టులో ఉన్నారో అడిగి చేరండి.

7:40 మరి అమెరికా?

అమెరికా దారి ఉంది. కానీ మూడేళ్లది కాదు. ముందు సర్టిఫికెట్ల పరిశీలన, ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ పరీక్ష. అది పాసైతే నువ్వు అక్కడ రిజిస్టర్డ్ నర్సువి, అంతే. వీసా క్యూ ఇండియా వాళ్లకు ఏళ్ల తరబడి ఉంటుంది. అక్కడికి పోయాక ఎన్‌పీ కావాలంటే వాళ్ల గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో మళ్లీ మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చదవాలి, బోర్డు పరీక్ష రాయాలి, రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడ చేసిన ఎన్‌పీ కోర్సు చూపించి "నేను ఎన్‌పీ" అంటే అక్కడ కుదరదు. అక్కడ కూడా ఎన్‌పీ డాక్టర్‌తో సంబంధం లేకుండా పూర్తిగా సొంతంగా పనిచేయడం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

9:00 వయసు పెట్టి లెక్క వేద్దాం

18 ఏళ్లకు బీఎస్సీలో చేరావనుకో. 22కి డిగ్రీ, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. 24, 25 దాకా ఐసీయూలోనో లేబర్ రూమ్‌లోనో పని. 27కి ఇండియాలో ఎన్‌పీ చదువు పూర్తి. అమెరికా అయితే 30 దాటుతుంది, ఇంకా పైన కూడా పట్టొచ్చు.

పదేళ్లా అని భయపడొద్దు. ఈ ప్లాన్‌లో ఉన్న గొప్పతనం ఏందంటే, ఏ మెట్టు మీద ఆగినా కింద పడవు. 22 ఏళ్లకే జీతం మొదలవుతుంది. పెళ్లి అయినా, ఇంట్లో ఎవరికైనా బాగలేకపోయినా, రెండేళ్లు ఆగి మళ్లీ ఎక్కొచ్చు. ఏజెంట్ చెప్పిన ప్లాన్‌లో అమెరికా రాకపోతే మిగిలేది అప్పు.

ఇంకో మాట. 2018లో ఆయుష్మాన్ భారత్ కింద ఊళ్లలోని సబ్ సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చడం మొదలుపెట్టారు. మన రాష్ట్రంలో అక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లను ఎంఎల్‌హెచ్‌పీలుగా తీసుకున్నారు. బీపీ, షుగర్ చూడటం, మందులివ్వడం, ఫోన్‌లో డాక్టర్‌ని కలిపి చూపించడం వాళ్ల పని. కాంట్రాక్టు ఉద్యోగమే, పేరు ఎన్‌పీ కాదు. కానీ 1965లో ఫోర్డ్ గారు అనుకున్న పనికి మన ఊళ్లో బాగా దగ్గరగా ఉన్నది ఇదే.

10:50 ఈ వారంలో చేయాల్సినవి

ఒకటి, ఎన్టీఆర్ యూనివర్సిటీ సైట్‌లో ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్ నోటిఫికేషన్, ఎంట్రన్స్ రూలు చూడు. ఏడాదికేడాది మారుతుంటాయి. 
రెండు, కన్వీనర్ కోటాలో ఫీజు రీయింబర్స్‌మెంట్ నీకు వర్తిస్తుందా అని చేరేముందే కనుక్కో. 
మూడు, చేరాక మొదటి సెమిస్టర్ నుంచే 55 శాతానికి పైన ఉండేట్టు చూసుకో. 
నాలుగు, మార్కుల లిస్టులు, సిలబస్, క్లినికల్ గంటల రికార్డు, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు అన్నీ స్కాన్ చేసి దాచుకో. పదేళ్ల తర్వాత అడుగుతారు. 
ఐదు, రోజూ అరగంట ఇంగ్లీష్ మాట్లాడు. తప్పులొచ్చినా సరే. 

ఇక ఇంటికొచ్చినాయన మళ్లీ వస్తే నాన్న చేత ఒక్క మాట అడిగించు: "మూడేళ్లకి ఎన్‌పీ ఎట్టా అవుతుందో, కాలేజీ పేరుతో సహా కాగితం మీద రాసి సంతకం పెట్టన్నా." రాయడు చూడు.

ఈ వీడియో మీ ఇంట్లో బైపీసీ చదివే తమ్ముడికో చెల్లికో పంపండి. నర్సింగ్ అబ్బాయిలకూ ఉంది, మర్చిపోవద్దు. చెల్లీ, సీటొచ్చిన రోజు మళ్లీ మెసేజ్ పెట్టు. ఉంటా మరి.