ఈడిపస్ రాజు – కొన్ని సందేహాలు

గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ రచించిన ‘ఈడిపస్ రాజు’ విషాదాంత నాటకాలలో సుప్రసిద్ధమైనది. ఇది క్రీ.పూ. 429 ప్రాంతంలో ఏథెన్సులో ప్రదర్శితమైందని పండితుల ఊహ. దీనిని చదివిన విద్యార్థికి మొదట కలిగే సందేహం ఒకటున్నది. ఈడిపస్ తండ్రిని చంపి తల్లిని వివాహమాడతాడని దైవవాణి ముందే పలికింది కదా! ఇక ఇందులో అతడు చేసినదేమిటి?

హత్య, వివాహం రెండూ నాటకం ప్రారంభం కావడానికి ఎన్నో ఏళ్ల ముందే, తెలియక జరిగిపోయాయి. రంగస్థలం మీద జరిగేది సత్యాన్వేషణ మాత్రమే. థీబ్స్ నగరం మహమ్మారి వాత పడింది. పూర్వపు రాజు లేయస్‌ను చంపినవాడిని శిక్షిస్తే గాని పీడ తొలగదని తెలిసి, ఈడిపస్ ఆ హంతకుణ్ణి శపిస్తాడు. ఆ శాపం ఎవరికి తగులుతుందో ప్రేక్షకులకు తెలుసు, అతనికి తెలియదు. అంధుడైన ద్రష్ట టైరీసియస్ నిజం చెప్పడానికి నిరాకరిస్తాడు. రాణి జొకాస్టా ఇక విచారించవద్దని వేడుకొంటుంది. ముసలి గొర్రెలకాపరి అడగవద్దని ప్రాధేయపడతాడు. అతడు ఎవరి మాటా వినలేదు. తన జన్మరహస్యం తెలుసుకొమ్మని అతనిని ఏ దైవవాణీ ఆజ్ఞాపించలేదు. ఆ నిర్ణయం పూర్తిగా అతనిదే.

ఓదార్పు మాటలే ఉచ్చులుగా బిగుసుకోవడం ఈ నాటకంలోని గొప్ప శిల్పం. జోస్యాలను నమ్మవద్దని ధైర్యం చెబుతూ, లేయస్ మూడు దారుల కూడలిలో దొంగల చేత హతుడయ్యాడంటుంది జొకాస్టా. ఒకప్పుడు అటువంటి కూడలిలోనే తాను ఒక వృద్ధుణ్ణి చంపిన సంగతి ఈడిపస్‌కు స్ఫురిస్తుంది. అతణ్ణి పెంచిన కోరింత్ రాజు కన్నతండ్రి కాడని చెప్పిన దూత కూడా భయం పోగొట్టాలనే చెప్పాడు.

ఇన్నేళ్లుగా లేయస్ మరణాన్ని గురించి ఈడిపస్ ఎందుకు విచారించలేదన్నది న్యాయమైన ప్రశ్న. అరిస్టాటిల్ సైతం ఈ అసంభావ్యతను గుర్తించాడు. అయితే అది నాటకానికి వెలుపలిది కనుక క్షమించాడు. నాయకుని పతనానికి కారణం అహంకారమని జవాబు పత్రాలలో తరచుగా కనిపిస్తుంది. ఈడిపస్ ముక్కోపి, అనుమానపరుడు, నిజమే. కాని అరిస్టాటిల్ వాడిన ‘హమార్తియా’ అన్న మాటకు గురి తప్పడమని అర్థం. అది గుణదోషం కన్న పొరపాటుకే దగ్గర.

జొకాస్టా ఉరి వేసుకొన్న తరువాత ఈడిపస్ ఎందుకు మరణించలేదు? ఆమె వస్త్రానికున్న బంగారు సూదులతో అతడు కళ్లు పొడుచుకొంటాడు. ఇది రంగస్థలంపై కనిపించదు, దూత వర్ణిస్తాడు. మృతుల లోకానికి వెళ్తే అక్కడ తల్లిదండ్రులను ఏ కళ్లతో చూడాలన్నదే ఈడిపస్ చెప్పుకొన్న కారణం.