మట్టి పరీక్షలో తిన్నని గీత

జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతమున ప్రత్తి, మిరప, వరి పండించు రైతు సోదరులారా! మట్టి పరీక్ష పత్రములో "భాస్వరము తక్కువ" అని యున్న డి.ఎ.పి. హెచ్చుగా వేయుదురు, "ఎక్కువ" అని యున్న తగ్గింతురు. ఆ ఒక్క మాట ప్రయోగశాలలో ఎట్లు తేలునో మీరు, గ్రామాధికారులు తెలిసికొనుట మేలు.

ఓల్సెన్ పద్ధతిలో రెండున్నర గ్రాముల మట్టిని సోడియం బైకార్బొనేటు ద్రావణములో కలిపి, వడగట్టి, ఆ నీటిలో నీలిరంగు పుట్టింతురు. భాస్వరము హెచ్చిన కొలది రంగు చిక్కబడును. ఆ చిక్కదనమును కలరీమీటరు అంకెగా చూపును. ఆ అంకె ఎంత భాస్వరమునకు సమానమో తెలియుటకు, భాస్వరము ఎంతయున్నదో ముందే తెలిసిన అయిదారు ద్రావణములను కొలిచి, గ్రాఫు కాగితముపై చుక్కలు పెట్టుదురు. అడ్డముగా భాస్వరము, నిలువుగా రంగు.

ప్రతి కొలతలోను స్వల్పమైన తేడా ఉండును గనుక చుక్కలన్నియు ఒకే వరుసలో పడవు. చుక్క నుండి చుక్కకు వంకర గీత కలిపిన, ఆ తేడాలనే నిజమని నమ్మినట్లగును. కొన్ని పైన, కొన్ని క్రింద ఉండునట్లు నడుమగా ఒకే తిన్నని గీత గీయవలెను. చుక్కలకు, గీతకు గల నిలువు దూరముల వర్గముల మొత్తము మిక్కిలి తక్కువగా నుండవలెనను సూత్రమును ఫ్రెంచి గణితజ్ఞుడు లెజాండర్ 1805లో ప్రకటించెను. నేడు కంప్యూటరు ఆ లెక్క క్షణములో చేయును. అయినను చుక్కలను కంటితో చూడక తప్పదు. ఒకటి దూరముగా పడిన దానిని తుడిచివేయక, ఆ ద్రావణమును మరల చేసి కొలువవలెను. మట్టి నమూనా రంగు చివరి చుక్కను మించి చిక్కగా నున్న గీతను పొడిగించరాదు. మరీ చిక్కనైనచోట గీత వంగును. పలుచన చేసి మరల కొలువవలెను.

గీత కొంచెము వాలిన నష్టమేమి? వడగట్టిన ద్రావణము 5 మిల్లీలీటర్లు తీసికొని 25 మిల్లీలీటర్లు చేయు వాడుక లెక్కలో, లీటరుకు 0.01 మిల్లీగ్రాము తేడా హెక్టారుకు 2.24 కిలోల భాస్వరమగును. 10 కిలోలకు లోపు తక్కువ, 25 దాటిన ఎక్కువ. 9 కిలోలు 11గా కనబడిన చాలు, "తక్కువ" అన్నది "మధ్యస్థము" అగును.

నమూనా సరిగా లేనిచో ఏ గీతయు సరిదిద్దలేదు. గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడ విడిచి, చేనంతటా 8, 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి కలిపి, అరకిలో పంపుడు. ఎరువు వేసిన వెంటనే తీయరాదు. ఎరువు సంచిలో పంపరాదు.

పత్రము అందిన పిమ్మట మాట ఒక్కటే చదివి ఊరకుండక, ప్రక్కనున్న అంకెను గూడ చూడుడు. అది 10కి గాని 25కు గాని దగ్గరగా నున్న, వ్యవసాయ విస్తరణాధికారితో ఆలోచించి ఎరువు మోతాదు నిర్ణయించుకొనుడు.