తప్పు చిన్నమ్మది కాదు!

మాది ప్రొద్దుటూరు. ఉద్యోగం హైదరాబాదులో. ‘యూఎక్స్ డిజైనర్’ అంటే ఏం పనో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. ఫోన్ తెరమీద ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ మాట రాయాలి, నొక్కితే ఏమవ్వాలి... ఇవి ఆలోచించడమే నా పని.

జమ్మలమడుగులో మా చిన్నమ్మ ఇంట్లోనే చీరలమ్ముతుంది. 2023లో ఎవరో ఫోన్ చేసి, ‘‘చీరల డబ్బు పంపుతున్నా, పిన్ కొట్టండి’’ అన్నాడు. కొట్టింది. వస్తుందనుకున్న డబ్బు కాస్తా ఖాతాలోంచి పోయింది. అతను పంపింది డబ్బు కాదు, డబ్బు ఇమ్మనే ‘కలెక్ట్ రిక్వెస్ట్’!

‘‘నాకు సదువు లేకనే గదా పాపా ఇట్లయింది. మీ చిన్నాయనకు చెప్పొద్దు’’ అని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. ‘మీ డబ్బు పోతుంది’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసుంటే ఆమె పిన్ కొట్టేదా? 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో మనుషులు ఒకరినొకరు అలా డబ్బు అడిగే వీలే తీసేశారు.

ఒకప్పుడు మా పని ఒక్క తెరతో అయిపోయేది. ఇప్పుడు ఫోను, బ్యాంకు, అంగడి, పొలంలో మోటారు అన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. ప్రొద్దుటూరు బట్టల అంగట్లో డబ్బు పడగానే సౌండ్‌బాక్స్ తెలుగులో చెప్పేస్తుంది. బట్ట కొలిచే చెయ్యి ఫోను వెతుక్కోనక్కర్లేదు. అక్కడ తెర లేకపోవడమే సుఖం.

పులివెందులలో మా అత్తమ్మ చీనీతోట మోటారుకి సిమ్ కార్డున్న స్టార్టర్ పెట్టించారు. ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటారు ఆడుతుంది, ఆగుతుంది. ఇలాంటిదే ‘నానో గణేష్’. రాత్రుళ్లు మోటారు కోసం పొలానికెళ్లే తాతగారి అవస్థ చూసి, పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ తయారుచేశారు. అయితే అత్తమ్మ మొదటిరోజే అడిగిన ప్రశ్న నేను మర్చిపోలేను: ‘‘ఆగిందో లేదో నాకెట్ల తెలియాల?’’

నిజమే. ‘ఆగింది’ అని తిరిగి కబురు రాకపోతే చీకట్లో తోటకి నడవక తప్పదు కదా!

ఇప్పుడు నేను కొత్త తెర ఏది గీసినా ముందు చిన్నమ్మకి చూపిస్తా. ఆమె వేలు ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ గీస్తా.

మీరు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి.