గిటారు ఒకటి... గొంతులు రెండు!
కాలి మీటతో సాగే పాట కచేరీ - ఎర్తు పిన్ను తీసేస్తే ప్రాణగండం

మైలార్‌దేవ్‌పల్లి : ఆషాఢంలో బోనాలు, భాద్రపదంలో గణపతి మండపాలు, ఆ తర్వాత పెళ్ళిళ్ళు, చర్చి కూటాలు. ఏడాదిలో సగం రోజులు ఈ ప్రాంతంలో ఏదో ఒక మూల వేదిక వెలుస్తూనే ఉంటుంది. డప్పు, డోలు, హార్మోనియం సరసన కొన్నేళ్ళుగా కరెంటు గిటారు కూడా చేరింది. గిటారు వాయించే కుర్రవాడి వేళ్ళనే అందరూ చూస్తారు గానీ ఆ కుర్రవాడి కాలి దగ్గర ఉండే చిన్న రేకు డబ్బాను చూసేవారు తక్కువ. పాట మధ్యలో అతను ఆ డబ్బాపై ఉన్న మీటను బూటు కాలితో 'టిక్' మని నొక్కుతాడు. అప్పటిదాకా సన్నగా, తేటగా వినపడిన గిటారు ఒక్కసారిగా బొంగురుపోయి గర్జిస్తుంది. మళ్ళీ నొక్కితే యథాప్రకారం తేట స్వరం.

ఇదేదో మాయ అనుకునే పిల్లలున్నారు. మాయేమీ లేదు. వేదిక వెనక రెండు ఆంప్లిఫయర్లు పెట్టి ఉంటారు. గిటారు నుంచి వచ్చే తీగను కాలి మీట ఒకసారి ఒకదానికి, ఇంకోసారి మరోదానికి కలుపుతుంది. రెండింటికీ ఒకేసారి కలిపే మీట కూడా కొన్నింటిలో ఉంటుంది. ఈ మూడో పద్ధతిలోనే అసలు చిక్కు దాగి ఉంది. దాని సంగతి తర్వాత.

రెండెందుకు?

కరెంటు గిటారును ఆంప్లిఫయర్‌కు తగిలించకుండా వాయిస్తే పక్క మనిషికి కూడా సరిగా వినపడదు. దాని పొట్టలో బోలు ఉండదు, గట్టి చెక్క. తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ తల వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. బోరు మోటారు కాలిపోతే రీవైండింగ్ షాపులో చుట్టే పనే ఇది, కాకపోతే నూలుపోగు కొలతలో. ఉక్కు తీగ కదిలినప్పుడల్లా ఆ రాగి చుట్టలో అతి కొద్దిపాటి కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి స్పీకరును కదిలించడం ఆంప్లిఫయర్ వంతు.

ఆంప్లిఫయర్లన్నీ ఒకే తీరుగా పలకవు. ఒకటి ఇచ్చినది ఇచ్చినట్టు పలుకుతుంది. భక్తి పాటలకు, మెలోడీలకు అది బాగుంటుంది. ఇంకొకటి, ముఖ్యంగా పాత వాల్వు రకం, శక్తికి మించి పని చెబితే గరగరమంటుంది. రేడియోలో అలా వస్తే రిపేరుకు ఇస్తాం. గిటారు వాళ్ళు దాన్నే కోరి తెచ్చుకుంటారు! హుషారు పాటలకు ఆ గరగరే ప్రాణం. ఒక పాటలోనే రెండు స్వరాలూ కావాలంటే జాక్ పీకి ఇంకోదానికి పెట్టే వ్యవధి ఉండదు, పీకినప్పుడు స్పీకరు 'ఫట్' మని పేలినట్టు చప్పుడు చేస్తుంది. అందుకే కాలి మీట.

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో గ్రెచ్ అనే కంపెనీ 1958లోను, రికెన్‌బ్యాకర్ కంపెనీ 1960లోను ఒకే గిటారులోంచి రెండు దారులుగా ధ్వని పంపే ఏర్పాటుతో గిటార్లు తెచ్చాయి. జపాన్‌కు చెందిన బాస్ కంపెనీ 1977 నుంచి అరచేతిలో పట్టే కాలి మీటలను అమ్మకానికి పెట్టింది. ప్రపంచమంతా వాడే ఫెండర్ గిటార్ల కంపెనీ మూలపురుషుడు లియో ఫెండర్ కూడా మొదట్లో 1938లో పెట్టిన రేడియో రిపేరు షాపు యజమానే. మన వైపు రేడియో మెకానిక్కులు ఇది గమనించదగిన విషయం.

తెలుగునాట కరెంటు వాద్యానికి పెద్దపీట వేయించిన ఘనత పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ది. మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఒంటి తీగలు ఐదు పెట్టుకుని, కరెంటు మాండలిన్‌పై గమకాలు పలికించి కర్ణాటక సంగీత విద్వాంసులను ఒప్పించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో కన్నుమూశారు.

తూము లెక్క

డబ్బా లోపల ఏముందో రైతులకు ఇట్టే అర్థమవుతుంది. పెద్ద కాలువ వచ్చి రెండు పిల్ల కాలువలుగా చీలే చోట తూము పలకలు ఉంటాయి కదా. ఒకటి వేసి ఇంకొకటి ఎత్తితే ఒక మడికే నీరు. రెండూ ఎత్తితే రెండు మళ్ళకూ. ఇందులోనూ అంతే. తొమ్మిది కాళ్ళ స్విచ్చు ఒకటి, గిటారు తీగకు ఒక సాకెట్టు, ఆంప్లిఫయర్లకు రెండు సాకెట్లు, ఏ దారి తెరిచి ఉందో చీకట్లో తెలియడానికి ఎర్ర దీపం. ధ్వనిని అటూ ఇటూ మార్చడానికి బ్యాటరీ అక్కర్లేదు. 9 వోల్టుల బ్యాటరీ ఆ దీపానికే. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళితే ఇలాంటి సామాన్లు దొరుకుతాయి. సోల్డరింగ్ చేతనైన వారు ఒక పూటలో అమర్చుకోవచ్చు. డబ్బా మాత్రం రేకుదే ఉండాలి. ప్లాస్టిక్‌దైతే ట్యూబులైట్ల రొద అంతా పాటలోకి వస్తుంది.

రెండు పలకలూ ఎత్తినప్పుడు నీటి ఉరవడి తగ్గినట్టే ఇక్కడా కొంత నష్టం ఉంది. ఒక్కో ఆంప్లిఫయర్ గిటారుపై మోపే భారం పది లక్షల ఓముల లెక్కన ఉందనుకుంటే, రెండూ కలిస్తే అది ఐదు లక్షలకు పడిపోతుంది. గిటారులో పుట్టేదే కొద్దిపాటి కరెంటు కనుక సన్నని పై స్వరాలు కాస్త మందగిస్తాయి. తీగ పొడవు పెరిగినా ఇదే బాధ. దీనికి విరుగుడుగా 'బఫర్' అనే చిన్న సర్క్యూట్ డబ్బాలో పెడతారు. దానికి మాత్రం బ్యాటరీ తప్పదు.

డప్పుకు ఈ గొడవలేవీ లేవు. నాలుగు చితుకులు మంట వేసి కాచుకుంటే చాలు, ఊరంతా వినపడుతుంది. మైలార దేవుడి పేరు పెట్టుకున్న ఊళ్ళో మల్లన్న కథ చెప్పే ఒగ్గు డోలు కూడా ఏనాడూ ప్లగ్గు అడగలేదు.

'గూఁ' మనే రొద ఎక్కడిది?

రెండు ఆంప్లిఫయర్లనూ ఒక డబ్బాకు కలపగానే, ఇంకా ఎవరూ గిటారు ముట్టకముందే, స్పీకర్లు 'గూఁ' మని మొదలుపెడతాయి. తుమ్మెద చెవిలో దూరినట్టుంటుంది. కారణం ఇది. గిటారు తీగలో లోపల ధ్వని నడిచే తీగ, పైన దాన్ని కప్పి ఉంచే తొడుగు తీగ ఉంటాయి. ఆ తొడుగు తీగ ఆంప్లిఫయర్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటుంది. రెండు ఆంప్లిఫయర్లు రెండు వేర్వేరు బోర్డులకు పెడితే ఎర్తుకు రెండు దారులవుతాయి. రెండు దారులూ డబ్బా దగ్గర కలిసి పెద్ద ఉచ్చులా తయారవుతాయి. చుట్టుపక్కల సీరియల్ బల్బులకూ ఫ్యాన్లకూ పోతున్న, సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు ఆ ఉచ్చులో కొద్దిగా పారుతుంది. ఆంప్లిఫయర్ దాన్నీ పాటే అనుకుని పెంచి వినిపిస్తుంది. మీట ఒకవైపే ఉన్నా తొడుగు తీగలు కలిసే ఉంటాయి కనుక చాలా డబ్బాల్లో రొద ఆగదు.

సరిగ్గా ఇక్కడే మన వేదికల మీద ఒక నాటు వైద్యం నడుస్తోంది. ఆంప్లిఫయర్ ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్నును కోసేస్తారు, లేదా రెండు పిన్నుల ప్లగ్గు తగిలిస్తారు. ఎర్తు తెగగానే రొద ఠక్కున ఆగిపోతుంది. అందరూ సంతోషిస్తారు. కమిటీ వారు కూడా భలే మెకానిక్కు అని మెచ్చుకుంటారు.

ఆ పిన్ను ఉన్నది పాట కోసం కాదు, మనిషి కోసం. ఆంప్లిఫయర్‌లో ఎప్పుడైనా ఫేజు తీగ ఊడి ఇనుప డబ్బాకు తగిలితే, కరెంటు ఎర్తు దారిన పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకపోతే డబ్బా, దానికి కలిసిన తొడుగు తీగ, దాని ద్వారా గిటారు ఉక్కు తీగలు అన్నీ 230 వోల్టులతో నిండి ఉంటాయి. ఎర్తు ఉన్న రెండో ఆంప్లిఫయర్ కలిసి ఉందిలే అనే ధీమా కూడా పనికిరాదు. అప్పుడు ఆ కరెంటు అంతా సన్నని తొడుగు తీగ మీదుగా పోవాలి. అది కాలినా, ఎవరైనా జాక్ పీకినా దారి మూసుకుపోతుంది. చేతుల్లో గిటారు, పెదవులకు ఆనించి మైకు. మైకు వేరే సెట్టు ద్వారా ఎర్తుకు కలిసి ఉంటే కరెంటు చేతిలోంచి గుండె మీదుగా నోటికి పారుతుంది.

ఇలా జరిగిన ఉదంతాలు ఉన్నాయి. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీ పట్టణంలో 'స్టోన్ ద క్రోస్' అనే బృందం గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ వేదికపై ఎర్తు సరిగా లేని మైకును పట్టుకుని ప్రాణాలు విడిచాడు. వయసు 27. మరో నాలుగేళ్ళకు, 1976 మేలో 'యార్డ్‌బర్డ్స్' గాయకుడు కీత్ రెల్ఫ్ ఇంట్లో గిటారు వాయించుకుంటూ కరెంటు షాకుతో పోయాడు. అక్కడా కారణం ఎర్తు లోపమే. మన దగ్గర బోనాలు, గణపతి నవరాత్రులు రెండూ వానల్లోనే వస్తాయి. తడిసిన తివాచీ, కిందే పరిచిన వైర్లు, వట్టి కాళ్ళు. ఇక చెప్పేదేముంది!

సరైన మార్గం

ముందుగా రెండు ఆంప్లిఫయర్లనూ ఎర్తు ఉన్న ఒకే బోర్డుకు పెట్టి చూడాలి. చాలాసార్లు రొద సగానికి సగం అక్కడే తగ్గుతుంది. అప్పటికీ పోకపోతే కాలి మీట డబ్బాలో ఒక దారికి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించాలి. ఇది ధ్వని తీగలో పెట్టేది, కరెంటు ప్లగ్గుకు సంబంధం లేదు. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టుల కరెంటును ఇళ్ళకు సరిపడా దించుతుంది. ఇది దించదు, పెంచదు, ఉన్నదాన్ని అయస్కాంత శక్తితో అటువైపు అందిస్తుంది. మధ్యలో తీగ కలవదు కనుక ఉచ్చు తెగిపోతుంది, ప్లగ్గుల్లో ఎర్తు మాత్రం పదిలంగా ఉంటుంది. ఆ దారి సాకెట్టు రేకు డబ్బాకు తగలకుండా ప్లాస్టిక్ వాషరు వేయడం మరిచిపోతే చేసిన పనంతా వృథా.

రెండూ కలిపినప్పుడు ధ్వని పెరగాల్సింది పోయి పలచబడితే, ఒక స్పీకరు ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. బండిని ఇద్దరు చెరోవైపు నెట్టినట్టు. ట్రాన్స్‌ఫార్మర్ తీగలు రెండూ తారుమారు చేస్తే సరిపోతుంది. కొనే డబ్బాల్లో కొన్నింటికి దీని కోసమే ఒక బటన్ ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ మీట గిటారుకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య పెట్టేది మాత్రమే. ఆంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య పెట్టకూడదు. వాల్వు ఆంప్లిఫయర్ నడుస్తుండగా స్పీకరు తెగితే అందులోని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయే ప్రమాదం ఉంది. చెట్లకు కట్టే హారన్లకు పోయే లైనులో 100 వోల్టుల దాకా ఉండవచ్చు. దాన్ని గిటారు తీగతో ముడిపెట్టడం మరీ తెలివితక్కువ.

మండపం కమిటీలు ఫ్లెక్సీలకు, రంగు దీపాలకు వేలకు వేలు ఖర్చు పెడుతున్నాయి. బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంత తీయించి, రోజూ బిందెడు నీళ్ళు పోయించడానికి అయ్యేది అందులో పిసరంత. జనరేటర్ తెప్పించినా దానికీ ఎర్తు రాడ్ దిగేయాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగిస్తే కరెంటు పక్కదారి పట్టిన క్షణంలోనే సరఫరా కొట్టేస్తుంది. స్తంభం మీది తీగలకు కొండీలు తగిలించి తెచ్చుకునే కరెంటుకు మాత్రం ఈ రక్షణలేవీ వర్తించవు. గిటారు కుర్రాళ్ళు కూడా వేదికెక్కగానే శ్రుతి చూసుకునే ముందు మైకు రేకుకూ గిటారు తీగలకూ టెస్టర్ ఆనించి చూసుకోవాలి. దీపం వెలిగిందంటే ఆ పూట ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్ కోసం కబురు పెట్టడమే.

మైలార్‌దేవ్‌పల్లి 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఆ మరుసటి ఏడాది శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఒకవైపు కాటేదాన్ కార్ఖానాలు, నెత్తిన విమానాలు. చప్పుళ్ళకు ఇక్కడ కొరత లేదు. శబ్ద కాలుష్యంపై 2000 సంవత్సరంలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడు స్పీకర్లు నిషేధం. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. మైకు అనుమతికి పోలీసు స్టేషనులో ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి.