టంకశాల లోపాలు – నాణేల గాయాలు

అంచున కొంత భాగం లేని రూపాయి నాణెం చేతికి వచ్చినప్పుడు సామాన్యుడు అది చెల్లదేమోనని సందేహిస్తాడు. నాణేలు సేకరించే వ్యక్తికి అదే నాణెం అపురూపమైన వస్తువుగా కనబడవచ్చు. టంకశాలలో జరిగిన పొరపాటు తనిఖీకి చిక్కకుండా బయటకు రావడం అరుదు. అందువలన అటువంటి నాణేనికి ముఖవిలువకు ఎన్నో రెట్లు చెల్లించేవారు ఉంటారు. ఈ ఆశను ఆసరాగా చేసుకొని ఆకురాయితో, సుత్తితో, ఆమ్లంతో లోపాలను కల్పించి అమ్మేవారూ ఉన్నారు. నిజమైన లోపానికి, తరువాత తగిలిన గాయానికి గల భేదం తెలియనివాడు తాను మోసపోయిన సంగతిని ఏళ్ల తరబడి గుర్తించలేడు.

ఆ భేదం తెలియాలంటే నాణెం పుట్టుక తెలియాలి. మొదట లోహపు రేకు నుండి గుండ్రని బిళ్ళలను కత్తిరిస్తారు. ఆ బిళ్ళలను ఒక యంత్రంలో దొర్లించి, అంచును నొక్కి కొద్దిగా ఎత్తు చేస్తారు. పిమ్మట ఒక్కొక్క బిళ్ళను ఉక్కు వలయంలో నిలిపి, పైన ఒకటి, క్రింద ఒకటిగా ఉన్న రెండు అచ్చుల నడుమ ముద్రిస్తారు. బొమ్మ, బొరుసు ఒకే దెబ్బతో రూపొందుతాయి. కనుక నాణెంపై ఏ వింత కనబడినా, అది ఈ దశలలో ఎక్కడ, ఎలా సంభవించిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది టంకశాల దాటిన తరువాత జరిగినదేమోనని అనుమానించవలసి ఉంటుంది.

అన్నింటికంటే సులభమైన పరీక్ష గీతను చూడటం. అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం చొచ్చుకొనిపోయి, నాణెంపై ఉబ్బెత్తు గీతగా నిలుస్తుంది. చలామణిలో పడిన గీత లోపలికి దిగి ఉంటుంది. ప్రక్కలకు నెట్టబడిన లోహం సన్నని గట్టువలె వ్రేలికి తగులుతుంది. అయితే పల్లంగా ఉన్న గుర్తులన్నీ గాయాలేనని తీర్మానించరాదు. ముద్రణ వేళ అచ్చుకు, బిళ్ళకు నడుమ దారపు పోగు పడినా పల్లపు గుర్తే ఏర్పడుతుంది. అచ్చులో జిడ్డు పేరుకొంటే కొన్ని అక్షరాలు మాయమవుతాయి. కాని ఆ చోట నాణెం తలం చెక్కుచెదరక ఉంటుంది. ఆకురాయితో అరగదీసిన చోట భూతద్దం క్రింద సన్నని సమాంతర గీతలు బయటపడతాయి.

ఇక అంచు తెగిన నాణెం సంగతి. రేకు సరిగా ముందుకు జరగకపోతే, కత్తిరించే పనిముట్టు అంతకుముందే బిళ్ళ తీసిన రంధ్రం మీద కొంతవరకు పడుతుంది. అప్పుడు అంచున వంపుగా కొంత భాగం లోపించిన బిళ్ళ వస్తుంది. దొర్లించే యంత్రంలో బిళ్ళకు రెండువైపుల నుండి ఒత్తిడి అందాలి. తెగిన భాగం వంతు వచ్చేసరికి అక్కడ లోహం లేదు. కనుక సరిగా దానికి ఎదురుగా ఉన్న అంచు కూడా ఎత్తు కాదు. ముద్రణ తరువాత సైతం ఆ ఎదుటి అంచు పలుచగా, అస్పష్టంగా మిగులుతుంది. దీనినే బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. అదీగాక, తెగిన వైపునకు లోహం జారడం వలన అక్కడి అక్షరాలు కొద్దిగా సాగి ఉంటాయి. పూర్తయిన నాణేన్ని తరువాత కోస్తే ఎదుటి అంచు నిండుగానే ఉంటుంది, అక్షరాలు కత్తితో తెగ్గోసినట్లు ఆగిపోతాయి. ఎదుటి అంచు బలహీనత ప్రతి నిజమైన నాణెంలోనూ స్పష్టంగా కనబడదు. రెండు గుర్తులనూ కలిపి చూడటం మేలు. బరువు తూచడం మాత్రం ఇక్కడ ఏమీ తేల్చదు. 1992 నాటి స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములు. దాని అంచు టంకశాలలో తెగినా, ఎవరి దుకాణంలో తెగినా తక్కువే తూగుతుంది!

ముద్రితమైన నాణెం ఒక్కొక్కసారి అచ్చుకే అంటుకొని ఉండిపోతుంది. తరువాతి బిళ్ళకు ఆ నాణెమే అచ్చవుతుంది. ఫలితంగా ఒకవైపు మామూలు బొమ్మ, రెండవవైపు అదే బొమ్మకు పల్లంగా దిగిన ప్రతిబింబం ఏర్పడతాయి. దీనిని అనుకరించేవారు రెండు నాణేలను జతచేసి వైసులో బిగిస్తారు. అలా చేసిన నాణెంపై ప్రతిబింబం క్రింద పాత అక్షరాల ఆనవాళ్లు మిగిలే ఉంటాయి. వెనుకవైపు బొమ్మ ఒత్తిడికి చదునవుతుంది.

2009లో చలామణిలోకి వచ్చిన పది రూపాయల నాణెంలో రెండు లోహాలు ఉన్నాయి. మధ్య బిళ్ళ, చుట్టూ ఉన్న వలయం కలిసి ఒకే దెబ్బకు ముద్ర పొందుతాయి. కనుక వలయంపై అక్షరాలు ఒక దిక్కుకు, మధ్యలోని బొమ్మ మరొక దిక్కుకు ఉంటే, అది ఎవరో మధ్య బిళ్ళను ఊడదీసి, తిప్పి బిగించిన పని. నాణెం మొత్తంలో బొమ్మకు, బొరుసుకు దిశ కుదరకపోవడం వేరు. అచ్చు వదులై తిరిగినప్పుడు అది నిజంగానే జరుగుతుంది. ‘షోలే’ (1975) చిత్రంలో కనబడే రెండు బొమ్మల నాణెం వంటివి మాత్రం దాదాపు అన్నీ పనివారు రెండు నాణేలను తొలిచి అతికినవే. అంచు లోపలివైపు ఉండే అతుకు గీత వాటిని పట్టి ఇస్తుంది.

ఈ పరీక్షలన్నీ యంత్రంపై తయారైన నాణేలకే వర్తిస్తాయి. సైఫాబాదు టంకశాల 1903లో నెలకొనడానికి ముందు హైదరాబాదులో చేతితో కొట్టిన రూపాయలలో అచ్చు బిళ్ళకంటే పెద్దది. అందువలన అక్షరాలు అంచు దాటిపోవడం ఆ నాణేలకు సహజమే. వాటిపై కనబడే చిన్న గుంటలు, వెండిని పరీక్షించిన షరాబులు వేసినవి. అవి తరువాత తగిలిన గాయాలే అయినా, ఆ నాణెం ఎన్ని చేతులు మారిందో చెప్పే సాక్ష్యాలుగా కొందరు వాటిని ఆదరిస్తారు.

దండగా గ్రుచ్చి ధరించిన వెండి రూపాయల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. విక్టోరియా రాణి కాలపు రూపాయికి అతికిన కొండీని తొలగించి, ఆ చోటును నునుపు చేసి, అంచు సరిగా పడని నాణెమని చూపవచ్చు. అటువంటప్పుడు నాణేన్ని నిలువుగా పట్టుకొని అంచు చుట్టూ చూడాలి. అంతటా ఉండే సన్నని నిలువు గీతలు ఆ ఒక్కచోట చెరిగిపోయి, టంకం మరక, వేడికి మారిన వెండి రంగు కనబడతాయి.