ఎలాగూ విప్పాం కదా సార్!

బండి కింద నాలుగు చుక్కల నీళ్లు. ఏసీ నీళ్లేలే అని రెండు రోజులు ఊరుకుంటాం. ఏసీ వెయ్యని రోజు కూడా చుక్కలు పడేసరికి వంగి వేలితో తాకి చూస్తాం. పచ్చగా, కాస్త జిడ్డుగా ఉంటుంది. కూలెంట్. షెడ్డుకి తీసుకెళితే మేస్త్రీ కింద దూరి టార్చి కొట్టి చూసి, "వాటర్ పంపు సార్, సీలు పోయింది. సాయంత్రానికి ఇచ్చేస్తా" అంటాడు. అది అబద్ధమేమీ కాదు. ఆ పూటకి అతనికి కనిపించింది అంతే.

నాలుగింటికి ఫోనొస్తుంది. "సార్, ఎలాగూ విప్పాం కదా..."

ఆ మాట తర్వాత వచ్చే జాబితా కారున్న ప్రతి ఇంటికీ పరిచయమే. బిల్లు తడిసి మోపెడయ్యాక ఇంట్లో తేలే తీర్పు కూడా పరిచయమే: మెకానిక్ ముంచేశాడు. కొన్నిసార్లు అది నిజం. చాలాసార్లు మాత్రం ముంచింది బండిని కట్టిన తీరు, దాని వయసు. మూడో ముద్దాయి బండి ఓనరు, అతని సంగతి తర్వాత చూద్దాం.

ముందు ఆ పంపు దగ్గరికే వెళదాం. చాలా ఇంజిన్లలో వాటర్ పంపు టైమింగ్ బెల్టు వెనకాల దాక్కుని ఉంటుంది. అది బయటికి రావాలంటే ఫ్యాన్ బెల్టు తియ్యాలి, క్రాంకు పుల్లీ ఊడదియ్యాలి, కవరు తియ్యాలి, టైమింగ్ బెల్టు దించాలి. ఈ బెల్టు రబ్బరుది. లక్ష కిలోమీటర్ల దరిదాపుల్లో మార్చెయ్యమని చాలా కంపెనీలు చెబుతాయి. నడుస్తుండగా తెగిందా, కొన్ని రకాల ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకి కొట్టుకుని వాల్వులు వంగిపోతాయి. చేతిలోకొచ్చిన ఎనభై వేల కిలోమీటర్ల పాత బెల్టుని మళ్లీ ఎక్కించడానికి బుద్ధున్న మేస్త్రీ ఒప్పుకోడు. బెల్టు కొత్తదైతే దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ బేరింగు పాతది ఎందుకుంచాలి? ఆ పక్కనే క్రాంకు ఆయిల్ సీలు చెమ్మగిల్లి ఉంది. ఆయిల్ తగిలితే కొత్త బెల్టు కూడా చెడుతుంది. సీలు ధర వందల్లోనే. రేపు ఆ సీలు ఒక్కటీ మార్చాలన్నా ఇదంతా మళ్లీ మొదటి నుంచీ విప్పాలి, ఆ లేబర్ మళ్లీ కట్టాలి.

కిటుకంతా ఇక్కడే ఉంది. రిపేరులో మనం డబ్బు కట్టేది సామానుకి కాదు, ఆ సామాను దాకా వెళ్లే దారికి. క్లచ్ ప్లేటు సంగతీ ఇంతే. ప్లేటు మార్చడం నిమిషాల పని, గేర్ బాక్సు దించి ఎక్కించడమే అసలు పని. అందుకే ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటూ, రిలీజ్ బేరింగూ సెట్టుగా వేస్తారు. ఏసీ కూలింగ్ కాయిల్ లీకైతే చాలా మోడళ్లలో డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదియ్యాలి. పదేళ్ల ఎండకి పెళుసెక్కిన ప్లాస్టిక్ క్లిప్పులు అప్పుడు పుటుక్కుమంటాయి. ఏసీ చల్లబడుతుంది కానీ, గతుకుల రోడ్డెక్కితే డ్యాష్‌బోర్డు కటకటమంటుంది. దానికోసం ఇంకోసారి షెడ్డుకి.

పిల్లిని పెంచుకున్న సన్యాసి కథ మనకి కొత్తేమీ కాదు. ఎలుకలు గోచీ కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాలని ఆవు, ఆవుకి గడ్డని పొలం, చివరికి సంసారం. ఆ సన్యాసిని చూసి అందరూ నవ్వుతారు. అతను వేసిన ఏ అడుగూ తప్పు కాదని మాత్రం ఎవరూ గమనించరు. ఏ అడుగుకి ఆ అడుగు సబబే. షెడ్డులో ఉన్న కారు విషయంలోనూ ఎక్కడ ఆగాల్సిందో చూపించడం అంత తేలిక కాదు.

ఒక్క బోల్టు

సబబైన అడుగులు ఇలా ఉంటే, ఖర్మ కొద్దీ పడే అడుగులు ఇంకో రకం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ మార్చడం చిన్న పని. దాన్ని సిలిండర్ హెడ్డుకి పట్టి ఉంచేవి నాలుగైదు స్టడ్లు. స్టడ్డు ఉక్కు, హెడ్డు అల్యూమినియం. ఏళ్ల తరబడి కాలి చల్లారి, తేమ తగిలి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. తుప్పు ఒక పట్టాన వదలదు, ఎందుకంటే అది తాను పుట్టిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందుల్లో ఉబ్బి మేకులా బిగుసుకుంటుంది.

అనుభవమున్న మేస్త్రీ అయితే ముందు తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేస్తాడు, టీ తాగి వస్తాడు. నట్టు వేడి చేస్తాడు. పానా వేసి అటు కాస్త, ఇటు కాస్త ఆడిస్తాడు. పక్కన కుర్రాడికి అంత ఓపిక ఉండదు. పానాకి పైపు తగిలించి ఒక్క ఊపు ఊపుతాడు. పానా ఒక్కసారిగా తేలికైపోతుంది. నట్టు వదిలిందని మనం సంతోషిస్తాం, మేస్త్రీ మొహం మాత్రం మాడిపోతుంది. విరిగింది స్టడ్డు, అదీ హెడ్డుతో సమానంగా.

విరిగిన మొన ఏ కాస్త పైకి ఉన్నా దాని మీద నట్టు పెట్టి వెల్డు చేసి తిప్పొచ్చు. ఆ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. అదీ కుదరకపోతే నడిమధ్యన డ్రిల్లు వేసి, ఎడమ మరలుండే ఈజీ అవుట్ దింపి వెనక్కి తిప్పాలి. డ్రిల్లు ఒక పక్కకి జారిందా, మెత్తటి అల్యూమినియం తెగి మరలు పోతాయి. ఈజీ అవుట్ గట్టి ఉక్కు, పెళుసు కూడా. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద పనిచెయ్యదు. ఇక హెడ్డు దించి లేత్ షాపుకో, స్పార్క్ ఎరోజన్ మిషన్ ఉన్నచోటికో మోసుకెళ్లాలి. హెడ్డు దించాక హెడ్ గ్యాస్కెట్ కొత్తది పడాల్సిందే. లేత్ మేస్త్రీ హెడ్డు మీద స్కేలు ఆనించి చూసి వంపుందంటాడు, ఫేసింగ్ పడుతుంది. వాల్వులు కనిపిస్తూనే ఉన్నాయి కాబట్టి గ్రైండింగ్. పైన కంప్రెషన్ గట్టిపడ్డాక అరిగిన రింగులు తట్టుకోలేక పొగ మొదలైందా, "ఇంజిన్ బోరుకొచ్చింది సార్" అనే మాట వింటాం. మొదలైంది మాత్రం అట్టముక్కంత గ్యాస్కెట్ దగ్గర.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ ప్రయాణం ఇంకా సాఫీగా సాగిపోతుంది. రేడియేటర్ల వాళ్లు, లేత్‌ల వాళ్లు, క్రాంకు గ్రైండింగ్, టింకరింగ్, సీట్లు... అడుగు దూరంలో ఒక్కో పనికి ఒక్కో నిపుణుడు. ప్రతి నిపుణుడికీ తన పని తాలూకు లోపం తప్పక కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, కళ్లు అలా అలవాటు పడిపోయాయంతే.

ఇక్కడో మాట. బండిలో సామాన్లన్నీ కలిసే ముసలివవుతాయి. రేడియేటర్ మూత పాతదైతే ప్రెషర్ నిలవదు కాబట్టి పుచ్చిన హోసు పైపు కూడా బతికి బట్టకడుతుంది. కొత్త మూత వెయ్యగానే ప్రెషర్ పూర్తిగా నిలిచి, హోసు పగిలిపోతుంది. "మొన్నటిదాకా బానే ఉంది, మీరు చెయ్యి పెట్టాకే పోయింది" అని మనం మేస్త్రీ మీద పడతాం. నిజానికి అది మొన్నటిదాకా బాగా లేదు, పరీక్షకి నిలబడలేదంతే.

ఓనరు గారి పాత్ర

ఇక మూడో ముద్దాయి. డోరు మీద గీత పడింది. ఆ ఒక్క డోరుకీ రంగు వేయిస్తే చాలనుకుంటాం. కలర్ కోడ్ ప్రకారం కలిపిన కొత్త రంగు, పన్నెండేళ్లు ఎండలో వెలిసిన పక్క డోరుతో కలవదు. ఇప్పుడు గీత కనబడదు కానీ, బండి మొత్తం వెలిసినట్టు కనబడుతుంది. సరే, ఆ వైపంతా కొట్టించండి అంటాం. కాసేపటికి, అంత చేసి రెండో వైపు వదలడమెందుకని మనమే అంటాం. ఫుల్ బాడీ అంటే అద్దాలు తియ్యాలి, ఎండిన రబ్బరు బీడింగులు తెగుతాయి. పాత రంగు గీకితే ఎవరో ఎప్పుడో నింపిన పుట్టీ, దాని కింద చిల్లు పడిన రేకు బయటపడతాయి. ఈ జాబితాలో మేస్త్రీ అడిగినవి ఒకటో రెండో, తక్కినవన్నీ మన నోటి నుంచే వచ్చాయి.

పాత బండ్ల ప్రేమికుల దగ్గర ఇది పరాకాష్ఠకి చేరుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. మారుతి 800 కూడా ఆ ఏడాదే ఆగింది. 1983 డిసెంబరులో మొదలైన బండి అది. నాన్న నడిపిన బండిని "కదిలేలా చేస్తే చాలు" అని షెడ్డుకి తెచ్చినవాళ్లు ఏడాది తర్వాత పాత చక్రం టోపీల కోసం చెన్నై పుదుప్పేట పాత సామాన్ల దుకాణాల్లో తిరుగుతుంటారు. ఇంజిన్ బాగై వేగం పెరిగితే పాత డ్రమ్ము బ్రేకుల మీద నమ్మకం పోతుంది. వెడల్పు టైర్లు వేస్తే స్టీరింగు బరువెక్కి, పవర్ స్టీరింగు మీద మనసు పోతుంది. దీన్ని రిపేరు అనుకోకూడదు. సరదా అని ఒప్పుకుంటే భార్యాభర్తల మధ్య లెక్కలు కాస్త సూటిగా తేలతాయని నా అభిప్రాయం.

కొత్త బండ్లలో ఈ గొడవ ఉండదనుకుంటే పొరపాటే. అద్దం వెనక కెమెరా ఉన్న కార్లలో రాయి తగిలి ముందు అద్దం పగిలితే, అద్దం మార్చి ఊరుకుంటే చాలదు. కెమెరా చూపు మళ్లీ సరిచెయ్యాలి. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని స్కానర్ పెడితే అది ఫలానా సెన్సర్ పేరు చెబుతుంది. సెన్సర్ మార్చాక కూడా లైటు వెలుగుతూనే ఉంటే తప్పు వైరుదని తేలుతుంది. స్కానర్ చెప్పేది జబ్బు లక్షణం. కారణం వెతికే ఓపిక ఉన్న మేస్త్రీకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

ఫోనొచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న నా లెక్కన ఒక్కటే: ఇప్పుడు వదిలేసి తర్వాత చేయిస్తే మళ్లీ ఇదంతా విప్పాలా? విప్పాలంటే చేయించెయ్యడమే చవక. టెన్షనర్, సీలు, క్లచ్ సెట్టు ఈ కోవలోవి. అక్కర్లేదంటే ఆగొచ్చు. బ్యాటరీ, వైపర్లు, హారన్, సీటు కవర్లు ఏ ఆదివారమైనా మార్చుకోవచ్చు, వాటికి 'ఎలాగూ' వర్తించదు. తీసిన పాత సామాను ఇమ్మని పని మొదలుపెట్టకముందే చెబితే ఆ జాబితా దానంతటదే కాస్త చిక్కుతుంది.

పదిహేనేళ్లు నిండబోయే బండికి మాత్రం ఈ లెక్క ముందే వేసుకోవాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. పైన గ్రీన్ ట్యాక్సు సరేసరి. ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించాలనగానే మనవాళ్లు మొదట చేసేది రంగు వేయించడం. అక్కడ చూసేది బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ. మెరిసిపోయే బండి తీసుకెళ్లి, వెనక బ్రేకు లైటు వెలగలేదని తిరిగొచ్చేవాళ్లున్నారు. ఆ బల్బు ఇప్పటికీ వంద రూపాయల్లోపే దొరుకుతుంది, మార్చడానికి ఏమీ విప్పనక్కర్లేదు. కొన్ని మోడళ్లలో తప్ప.